హెచ్చరికా పంచకం: నిద్రాప్రదాయినీ వ్యాఖ్యాసహితం

అవతారిక

చెన్నపట్నంలో ఒకప్పుడు మూలం ఒక్కటే అచ్చువేస్తే పుస్తకం సగమే అచ్చయినట్టు లెక్క. 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు గారు ముద్రాక్షరశాల పెట్టారు. ఆ తరవాత వావిళ్ల వారి టీకా తాత్పర్యాలు ఎక్కని తెలుగిళ్ల అటకలు తక్కువ. వేదం వేంకటరాయశాస్త్రి గారు ఈ ఊళ్లోనే కూర్చుని ఆముక్తమాల్యదకు వ్యాఖ్య రాశారు. రామస్వామి శాస్త్రులు గారి అచ్చుపని మొదలైన రెండేళ్లకు, 1856లో, మా రాయపురం స్టేషన్ నుంచి దక్షిణ దేశపు మొదటి రైలు వాలాజా రోడ్డుకు కదిలింది. రైలు వచ్చింది, హార్బరు వచ్చింది, దాని వెంట క్లియరింగ్ ఏజెంట్లు వచ్చారు, వాళ్ల వెంట కాగితాలు వచ్చాయి. ఆ కాగితాలన్నీ ఇప్పుడు స్కానై సర్వర్లలోకి ఎక్కాయి. కావ్యాలు రాసేవాళ్లూ వాటికి వ్యాఖ్యలు చెప్పేవాళ్లూ తగ్గారు గాని, సర్వర్లు మాత్రం రాత్రింబవళ్లు రాస్తూనే ఉన్నాయి. ఇంత రచన జరుగుతూ ఒక్క వ్యాఖ్యానమైనా పుట్టకపోవడం చెన్నపురికి తలవంపులని తలచి, రాయపుర వాస్తవ్యుడనైన నేను ఈ పనికి పూనుకున్నాను.

మూలగ్రంథం పేరు లాగ్. గ్రంథకర్త గ్లస్టర్ ఎఫ్‌ఎస్. చిదంబరం దగ్గర అన్నామలై విశ్వవిద్యాలయంలో చదువుకున్న ఆనంద్ బాబు పెరియసామి ప్రభృతులు 2005లో మొదలుపెట్టిన సంస్థ దీని పుట్టిల్లు. 2011లో రెడ్ హ్యాట్ సుమారు 13.6 కోట్ల డాలర్లిచ్చి ఆ సంస్థను కొనుక్కుంది. దీని పని చెప్పడానికి సులువే: ఒక ఫైలును రెండు మూడు యంత్రాల మీద రెండు మూడు ప్రతులుగా ఉంచుతుంది. వాడేవాడికి మాత్రం ఒక్క ఫోల్డరే కనిపిస్తుంది. ఒక యంత్రం పడిపోయినా పని ఆగదు. ఒక్కొక్క ప్రతి ఉండే చోటును ఇటుక అంటారు. కల్మండపం దగ్గర మా ఆఫీసులో ఒక ఇటుక, కాశిమేడు వైపు గోడౌన్లో రెండో ఇటుక. మూడోది మధ్యవర్తి. అందులో ఫైళ్ల పేర్లు, లక్షణాలు మాత్రమే ఉంటాయి, సరుకు ఉండదు. బిల్ ఆఫ్ ఎంట్రీలు, షిప్పింగ్ బిల్లులు, కంటైనర్ల ఫోటోలు అన్నీ వీటి మీదే.

వ్యాఖ్యకు ప్రయోజనం ఏమనగా: రాత్రి డ్యూటీ కుర్రవాడు లాగ్ తెరిచి చూసి, "అన్నా, ఏదో ఫెయిల్డ్ అంటా ఉంది. ఓనర్‌కి ఫోన్ చేసేదా?" అని నన్ను లేపుతాడు. నేను లేచి చూస్తే ఏమీ ఉండదు. ఓనర్ లేస్తే ఏమీ లేదని చెప్పినా ఆయనకు మళ్లీ నిద్ర పట్టదు. కాబట్టి ఈ వ్యాఖ్యకు నిద్రాప్రదాయిని అని పేరు. దీనికి అధికారి, అంటే చదవవలసిన శిష్యుడు, ఆ కుర్రవాడు. విషయం, నిరపాయమైన హెచ్చరికలు.

కాలనిర్ణయం కూడా ముందే చెప్పుకోవాలి. ఒకప్పుడు మద్రాసు నక్షత్రశాల కాలం గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందుండేది. దేశంలో రైళ్లు చాలాకాలం ఆ మద్రాసు కాలాన్ని నమ్ముకునే నడిచాయి. ఇప్పుడు మద్రాసు నడిబొడ్డున ఉన్న యంత్రం గ్రీనిచ్ కాలంలో రాసుకుంటుంది. లాగ్‌లో 20:41 అని ఉంటే రాయపురంలో తెల్లవారుజామున 2:11. ఈ అయిదున్నర గంటలు కలపడం మరచి, నిన్న సాయంత్రం ఎవరు ఏం కదిపారా అని విచారణ మొదలుపెట్టేవాళ్లు కావ్యం తెరవకముందే తప్పు సర్గలో ఉన్నట్టు.

మెదకు సీమ కొలిచెలమ వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మరీ వ్యాఖ్యలు రాశాడు. లాగ్ చదివేవాడికి అంతకు మించిన నియమం లేదు. మూలంలో లేని భయాన్ని చేర్చకూడదు. మూలంలో ఉన్న భయాన్ని దాచకూడదు.

ప్రథమ సందేశం

మూలం: డబ్ల్యూ. జీరో-సాకెట్.మేనేజ్‌మెంట్: రీడింగ్ ఫ్రమ్ సాకెట్ ఫెయిల్డ్. ఎర్రర్, ట్రాన్స్‌పోర్ట్ ఎండ్‌పాయింట్ ఈజ్ నాట్ కనెక్టెడ్. పీర్, 127.0.0.1:1023.

టీక: డబ్ల్యూ = హెచ్చరికల తరగతికి చేరినదియు; సాకెట్.మేనేజ్‌మెంట్ = నిర్వాహకుడగు గ్లస్టర్‌డీ కూర్చుండు ద్వారమునకు సంబంధించినదియునగు వాక్యము; సాకెట్ ఫ్రమ్ = ఆ ద్వారమునుండి; రీడింగ్ = చదువుట; ఫెయిల్డ్ = కుదరదాయెను; ఎర్రర్ = అందులకు కారణము; ట్రాన్స్‌పోర్ట్ ఎండ్‌పాయింట్ = మాటలు వచ్చు మార్గమునకు అవతలి కొస; ఈజ్ నాట్ కనెక్టెడ్ = తగిలియుండలేదు; పీర్ = ఆ కొసనున్నవాడు; 127.0.0.1 = తానే; 1023 = తన యింటి రేవులలో నొకటి.

అన్వయం: తన యింటి రేవుననే యున్న తన వాడొకడు మాటాడి వెడలిపోగా, వాడు వెడలెనని యెరుగని గ్లస్టర్‌డీ తరువాతి మాటకై చెవియొగ్గి, మాట రాకుండుటచే చింతించెను.

తాత్పర్యం: ఎవరో అదే యంత్రం మీద గ్లస్టర్ ఆజ్ఞ ఒకటి కొట్టారు. వాల్యూమ్ ఎలా ఉందని అడిగారు. గ్లస్టర్‌డీ జవాబిచ్చింది. అడిగినవాడు జవాబు పుచ్చుకుని తలుపు వేసుకుని పోయాడు. అంతే. ఫైళ్లకు గాని ఇటుకలకు గాని ప్రతులకు గాని ఇందులో సంబంధం లేదు. యంత్రాల యోగక్షేమాలు కనుక్కోవడానికి మనమే ఒక చిన్న స్క్రిప్టు పెట్టుకుని, అది గడియకోసారి వెళ్లి అడుగుతూ ఉంటే, ఈ హెచ్చరిక కూడా గడియకోసారి పడుతుంది. మన పరామర్శే మన జబ్బుగా లాగ్‌కు ఎక్కుతుందన్నమాట.

విశేషం: రసం భయానకం. అయితే ఆలంబన విభావం, అనగా భయపడడానికి తగిన వస్తువు, ఎక్కడా లేదు. కనుక రసాభాస. శిష్యుడు పీర్ అన్న మాట చూసి కాశిమేడు గోడౌన్ పడిపోయిందనుకున్నాడు. పక్కనున్న అంకె దాకా చదివి ఉంటే అది తన యంత్రమేనని తెలిసేది. సగం పద్యం చదివి అర్థం చెప్పడం పండితులకే చెల్లలేదు, మనకు చెల్లుతుందా?

ద్వితీయ సందేశం

మూలం: డబ్ల్యూ. రీడ్‌వీ ఆన్ వార్ రన్ గ్లస్టర్ సాకెట్ ఫెయిల్డ్, ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్. ఐ. ఎన్‌ఎఫ్‌ఎస్ హ్యాజ్ డిస్‌కనెక్టెడ్ ఫ్రమ్ గ్లస్టర్‌డీ. ది మెసేజ్ రిపీటెడ్ 39 టైమ్స్.

టీక: వార్ రన్ గ్లస్టర్ సాకెట్ ఆన్ = తాత్కాలిక ఫోల్డరులోని ద్వారముమీద; రీడ్‌వీ = చదువబోవుట; ఫెయిల్డ్ = విఫలమాయెను; ఐ = కబురు మాత్రమేయైన; ఎన్‌ఎఫ్‌ఎస్ = ఆ పేరుగల సేవకుడు; గ్లస్టర్‌డీ ఫ్రమ్ = నిర్వాహకునినుండి; డిస్‌కనెక్టెడ్ = విడిపోయెను; ది మెసేజ్ = ఈ మాటయే; 39 టైమ్స్ = ముప్పదితొమ్మిది మారులు; రిపీటెడ్ = మరల మరల పలుకబడెను.

తాత్పర్యం: గ్లస్టర్ తనలోనే ఒక ఎన్‌ఎఫ్‌ఎస్ సేవకుణ్ణి పెట్టుకుని ఉండేది. చాలాచోట్ల వాడిని ఎవరూ పనిలోకి పిలవరు. మా ఆఫీసులోనూ అంతే. యంత్రంలో ఆ పని చూసే వేరొక ప్రోగ్రాము ముందే కూర్చుని ఉంటే, పిలిచినా వాడు నిలవలేడు. కాని పాత కూర్పుల్లో గ్లస్టర్‌డీ వాడు లేడన్న సంగతి ఒప్పుకోదు. మూడు సెకన్లకోసారి వాడి తలుపు తడుతుంది. తలుపు వెనక మనిషి లేడు. లేడని రాసుకుంటుంది. మళ్లీ మూడు సెకన్లకు తడుతుంది.

విశేషం: ఇందులో 39 అనే అంకె ఎందుకు పడిందో చెప్పగలిగినవాడే వ్యాఖ్యాత. గ్లస్టర్ ఒకే మాటను పదేపదే అచ్చువేయకుండా 120 సెకన్లు చేతిలో పట్టుకుని, చివర ఇన్నిసార్లు వచ్చిందని ఒక్క ముక్కలో తేలుస్తుంది. 120 సెకన్లను మూడేసి చొప్పున పంచితే 40. అందులో మొదటిది అచ్చయింది, మిగిలినవి 39. గడియారం తప్పకుండా వచ్చే ఈ అంకెలోనే దీని నిరపాయత్వం ఉంది. తీగ తెగితే, స్విచ్ చెడితే, కరెంటు పోయి వస్తే లోపం ఇంత క్రమశిక్షణతో రాదు. ఒకసారి 7, ఒకసారి 31, మరోసారి ఏమీ లేకుండా వస్తుంది. 39, 39, 39 అని వచ్చిందంటే మాట్లాడుతున్నది టైమరు.

అయినా ఒక మాట. మూడు సెకన్లకు ఒకటి చొప్పున రోజుకు 28,800 పలుకులు. కుదించే ఏర్పాటు వర్తించని పంక్తులైతే లాగ్ దానంతటది లావెక్కి, ఒకనాటికి డిస్కు నిండి, నిరపాయమైన మాటే అపాయం తెస్తుంది. అందుకే ఇలాంటిదాన్ని మూలంలోనే ఆర్పాలి. అక్కరలేని సేవకుణ్ణి అక్కరలేదని సెట్టింగ్‌లో చెప్పాలి, లాగ్‌లను వారానికోసారి చుట్టి పక్కన పెట్టించాలి. 3.8 నుంచి గ్లస్టర్ వారే కొత్త వాల్యూములకు ఆ సేవకుణ్ణి ముందుగానే ఆపి పెడుతున్నారు.

తృతీయ సందేశం

మూలం: డబ్ల్యూ. ఆప్షన్ లిజన్-పోర్ట్ ఈజ్ డిప్రికేటెడ్. ప్రిఫర్డ్ ఈజ్ ట్రాన్స్‌పోర్ట్.సాకెట్.లిజన్-పోర్ట్. కంటిన్యూయింగ్ విత్ కరెక్షన్.

తాత్పర్యం: ఇది వైయాకరణుడి మాట. నీవు వాడిన రూపం పాతది, శిష్టులు ఇప్పుడు ఈ రూపాన్ని మెచ్చుతున్నారు, సరే, నేనే దిద్దుకుని ముందుకు పోతున్నాను అంటున్నాడు. పరవస్తు చిన్నయసూరి పండితుడుగా పనిచేసిన ఊళ్లో ఈ గొంతు అందరికీ తెలిసినదే. దిద్దుబాటు కూడా ఆయనే చేసేశాడు గనుక మనం చేయవలసింది ఏమీ లేదు. ఇంతకంటే రాయడం అనపేక్షితం.

చతుర్థ సందేశం

మూలం: నో యాక్టివ్ సింక్స్ ఫర్ పర్ఫార్మింగ్ సెల్ఫ్-హీల్ ఆన్ ఫైల్.

టీక: ఫైల్ ఆన్ = ఫలానా ఫైలునందు; సెల్ఫ్-హీల్ = తనకు తానే చేసికొను చికిత్స; పర్ఫార్మింగ్ ఫర్ = జరుపుటకు; యాక్టివ్ = లేచి తిరుగుచున్న; సింక్స్ = చికిత్స పొందవలసిన ప్రతులు; నో = లేవు.

తాత్పర్యం: శిష్యుడు దీన్ని చికిత్స చేసేవాళ్లు లేరు అని చదివాడు. మూలం చెప్పింది చికిత్స అవసరమైన ప్రతి ఏదీ కనిపించలేదని. వైద్యుడు వచ్చాడు, చూశాడు, రోగి లేడని రాసి వెళ్లిపోయాడు. పాత కూర్పుల్లో, ముఖ్యంగా ఎవరో ఫైలులోకి రాస్తూ ఉండగానే పరీక్ష జరిగినప్పుడు, ఈ మాట విరివిగా పడేది.

విశేషం: ఇక్కడ ప్రతుల శాస్త్రం కొంచెం విప్పాలి. గ్లస్టర్ ఫైలులోకి రాయబోయే ముందు ఇటుకల మీద రాయబోతున్నాను అని ఒక గుర్తు పెడుతుంది. తరవాత రాస్తుంది. రాత అన్ని చోట్లా అందితే గుర్తు చెరిపేస్తుంది. ఒక ఇటుకకు అందకపోతే, అందిన ఇటుక మీద, అందని ఇటుక పేరు కింద, ఒక లెక్క నిలిచిపోతుంది. అంటే గోడౌన్ ఇటుక చేసిన తప్పు కల్మండపం ఇటుక దగ్గర రాసి ఉంటుంది. ఎవరి తప్పు వారి దగ్గర దొరకదు.

ఆ లెక్కను తెరిచి చూస్తే 0ఎక్స్ తరవాత ఇరవైనాలుగు అంకెలుంటాయి. మొదటి ఎనిమిది ఫైలులోని సరుకు గురించి, నడిమి ఎనిమిది దాని లక్షణాల గురించి, కడపటి ఎనిమిది ఫోల్డరులోని పేర్ల గురించి. అన్నీ సున్నాలైతే ఎవరి మీదా ఎవరికీ ఫిర్యాదు లేదు. మొదటి ఎనిమిదింటి చివర 2 కనిపిస్తే, రెండు రాతలు అవతలి ప్రతికి అందలేదని అర్థం. సెల్ఫ్-హీల్ డీమన్ 600 సెకన్లకోసారి, ఇటుక తిరిగి లేచినప్పుడూ, ఈ పద్దులు చూసి బాకీ తీరుస్తుంది. రాస్తూ ఉన్న క్షణంలో గుర్తు ఇంకా చెరగలేదు గనుక, అప్పుడే తొంగిచూసినవాడికి బాకీ ఉన్నట్టు తోస్తుంది. దగ్గరికి వెళ్లి చూస్తే లేదు. అదే చతుర్థ సందేశ జన్మవృత్తాంతం.

పాఠాంతర విచారం

ప్రతుల మధ్య తేడా తెలుగువాళ్లకు కొత్త కాదు. సి.పి. బ్రౌన్ దొర ఒక్కో కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించి, పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, పాఠాలు సరిచూయించి శుద్ధప్రతులు రాయించాడు. అక్కడ తేడా వచ్చినచోట పండితుడి బుద్ధి తీర్పు చెప్పేది. గ్లస్టర్‌కు పాండిత్యం లేదు, పద్దులే ఉన్నాయి. కల్మండపం ప్రతి గోడౌన్ ప్రతిని తప్పంటూ, గోడౌన్ ప్రతి కల్మండపం ప్రతిని తప్పంటూ ఉంటే, దాన్ని స్ప్లిట్-బ్రెయిన్ అంటారు. రెండు ప్రతులే ఉన్నచోట, మధ్యలో తీగ తెగి ఇరువైపులా రాతలు సాగినప్పుడు పుట్టేది ఇదే. అప్పుడు గ్లస్టర్ ఏ పాఠాన్నీ ప్రామాణికంగా ఎంచదు. ఆ ఫైలును చదవబోతే ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ అని చేతులెత్తేస్తుంది. అందుకే మూడో ప్రతి గాని, మా దగ్గరున్నట్టు మధ్యవర్తి గాని ఉండాలి. ముగ్గురిలో ఇద్దరు లేనిదే రాయనివ్వకపోతే, ఇద్దరు వేర్వేరుగా రాసుకునే సందర్భమే రాదు.

ఈ మాట లాగ్‌లో ఎర్రర్ తరగతిని చెప్పే ‘ఈ’ అనే ఇంగ్లీషు అక్షరంతో, స్ప్లిట్-బ్రెయిన్ అబ్జర్వ్‌డ్ అని వస్తుంది. అది ఈ పంచకంలో చేరదు. దానికి వ్యాఖ్య అక్కరలేదు, వెంటనే లేవడం కావాలి.

తాత్పర్య నిర్ణయ ప్రకరణం

వాక్యానికి తాత్పర్యం ఎలా తేల్చాలో మీమాంసకులు ఆరు గుర్తులు చెప్పారు. లాగ్ వాక్యాలకు అవి అచ్చుపోసినట్టు సరిపోతాయి.

మొదటిది ఉపక్రమోపసంహారాలు, అంటే మొదలూ చివరా. ఏ పంక్తినీ ఒంటరిగా చదవకూడదు. ఉదాహరణకు, ఆల్ సబ్‌వాల్యూమ్స్ ఆర్ డౌన్, కనీసం ఒకటి లేచేదాకా నేను సెలవు, అనే భయంకర వాక్యం ఒకటుంది. అందులో ఎట్, లీస్ట్ అనే రెండు మాటలను కవి సంధి చేసి ఒక్కటిగా రాశాడు. అది ఇంగ్లీషులో అసాధువు. ఆ సంగతి అటుంచి, వాక్యం మొదట ఉన్న అంకె చూడాలి. మనం వాల్యూమ్ సెట్టింగ్‌లలో కొన్నింటిని మార్చినప్పుడు గ్లస్టర్ కొత్త గ్రాఫు, అంటే తన పొరల కూర్పు, మళ్లీ కట్టుకుంటుంది. పాతది 0, కొత్తది 1. ఒకటో గ్రాఫు పనిలో దిగాక, సున్నా గ్రాఫు తన ఇటుకలతో తెగతెంపులు చేసుకుంటూ అందరూ పోయారని ఏడుస్తుంది. పంక్తి ముందు 0 ఉండి, అంతకు ముందే 1 పలుకుతూ ఉంటే, అది పదవీ విరమణ సభ. ముందున్నది వాడుకలో ఉన్న గ్రాఫు అంకె అయితే, అది నిజంగా ఆపద.

రెండోది అభ్యాసం, పునరుక్తి. దాని లెక్క ద్వితీయ సందేశంలో చెప్పాను.

మూడోది అపూర్వత. నిన్నటిదాకా లేని వాక్యం ఇవాళ కొత్తగా వచ్చిందా? మెత్తని మాటైనా సరే, కొత్తదైతే లేచి చూడాలి. కటువైన మాటైనా ఏడాదిగా వస్తున్నదైతే పొద్దున చూడవచ్చు. దీనికోసమే మా గోడ మీద అలవాటైన హెచ్చరికల పట్టిక ఒకటి అంటించాం. పట్టికలో లేనిది అపూర్వం.

నాలుగోది ఫలం. ఆ హెచ్చరిక తరవాత ఏం జరిగింది? ఫైలు తెరుచుకుందా, రాత నిలిచిందా? వాల్యూమ్ హీల్ ఇన్ఫో అనే ఆజ్ఞ కొడితే ప్రతి ఇటుక కిందా నంబర్ ఆఫ్ ఎంట్రీస్ అని వస్తుంది. అన్నింటి కిందా 0 అంటే చికిత్స బాకీ లేదు. అంకె ఉండి, తగ్గుతూ పోతుంటే చికిత్స నడుస్తోంది. తగ్గకుండా అక్కడే నిలిచినా, పెరిగినా, ఓనర్‌కి ఫోన్ చెయ్యి నాయనా.

అయిదోది అర్థవాదం. వేదంలోనైనా స్తుతినిందా వాక్యాలను యథాతథంగా తీసుకోరాదని మీమాంస. ఫౌండ్ అనామలీస్, హోల్స్ ఒకటి, ఓవర్‌ల్యాప్స్ సున్నా, అని ఒక సందేశం ఉంది. వైపరీత్యాలట, రంధ్రాలట! కొత్త ఫోల్డరు పుట్టినప్పుడు, ఏ ఇటుకల జట్టుకు ఏ వాటా అన్న పంపకం ఇంకా రాయకముందే ఒకరు వచ్చి చూశారు. పంపకం లేదు గనుక మొత్తం ఒకే ఖాళీ. ఆ ఖాళీయే ఆ ఒక్క రంధ్రం. దానికి కవి ఇచ్చిన తరగతి ఐ, కబురు మాత్రమే. పదాలు ఉగ్రం, తరగతి శాంతం.

ఆరోది ఉపపత్తి, యుక్తి. ఇది నిరపాయం అని ఊరికే అనకూడదు, ఎందుకు నిరపాయమో చెప్పగలగాలి. 39కి లెక్క చెప్పగలిగినట్టు చెప్పాలి. కారణం తెలియనంతకాలం అది అపరిచితమే, నిరపాయం కాదు.

పంచమ సందేశం

మూలం: ఎల్‌ఎస్: కెనాట్ యాక్సెస్ ఎమ్‌ఎన్‌టీ డేటా. ట్రాన్స్‌పోర్ట్ ఎండ్‌పాయింట్ ఈజ్ నాట్ కనెక్టెడ్.

టీక: ప్రథమ సందేశమందలి పదములే. అర్థము కూడ అదే. కాని...

తాత్పర్యం: సైంధవం తెమ్మంటే భోజనాల వేళ ఉప్పు, ప్రయాణాల వేళ గుర్రం తేవాలని శాస్త్రాలు చెబుతాయి. ఈ వాక్యం అలాంటిది. ప్రథమ సందేశంలో మాట్లాడినది గ్లస్టర్‌డీ, వినేది తన లాగ్. ఇక్కడ మాట్లాడుతున్నది ఎల్‌ఎస్, వినేది కీబోర్డు ముందు కూర్చున్న గుమస్తా. బిల్ ఆఫ్ ఎంట్రీ తెరవబోతే తెరుచుకోలేదు. ఇక్కడ అవతలి కొస అంటే ఫోల్డరును మన యంత్రానికి చూపించే క్లయింట్ ప్రోగ్రామే. అది చచ్చిపోయింది. దాని లాగ్ చివర సిగ్నల్ రిసీవ్డ్ 11 అని ఉంటే చావు ఖాయం. ఫైళ్లు ఇటుకల మీద క్షేమంగానే ఉన్నాయి, తలుపు పోయింది. పాత మౌంట్‌ను తీసేసి తిరిగి మౌంట్ చేయాలి, పోయిన కారణాన్ని ఆ లాగ్‌లోనే వెతకాలి.

విశేషం: నిరపాయ సందేశ పంచకంలో అపాయమైనదాన్ని ఎందుకు చేర్చారని ఆక్షేపించవచ్చు. మొదటి నాలుగూ చదివినవాడికి నిర్లక్ష్యం అబ్బుతుంది. దానికి విరుగుడుగా ఇది చివర ఉంచబడింది. కుర్రవాడు ఇప్పుడు, "అన్నా, నాట్ కనెక్టెడ్ అంటే ఏమీ లేదని నువ్వే చెప్పినావు కదా" అంటాడు. చెప్పింది ఆ వాక్యానికి కాదురా, ఆ చోటికి.

పూర్వపక్షం

శిష్యుడు: నిరపాయమైతే కవి ఎందుకు రాసినట్టు? అసలు రాయకుండా ఉంటే పోయేది కదా?

సమాధానం: గ్లస్టర్ పొరలు పొరలుగా ఉంటుంది. వాటిని ట్రాన్స్‌లేటర్లంటారు. అడుగుపొరకు సాకెట్ తెలుసు, ఎందుకు తెగిందో తెలియదు. దాని పైదానికి ఒక ఇటుక జవాబివ్వలేదని తెలుసు, రెండో ఇటుక ఇచ్చిందో లేదో తెలియదు. ప్రతులను కాచే పొరకు రెండో ఇటుక ఇచ్చిందని తెలుసు, అడిగినవాడికి ఆ ఫైలు ఎంత ముఖ్యమో తెలియదు. అడుగున కూర్చున్నవాడు తన ఎదుట పడ్డదాన్ని తనకు తోచిన తరగతిలో రాసి పైకి పంపాడు. డబ్ల్యూ అన్న అక్షరం ప్రోగ్రాము రాసిన నాటి అంచనా, రాత్రి రెండు గంటల నాటి తీర్పు కాదు. తీర్పు చెప్పడానికి పైనుంచి కిందిదాకా చూడగలవాడు ఒకడుండాలి. నీకు జీతం అందుకే.

శిష్యుడు: అయితే లాగ్ తరగతిని క్రిటికల్‌కు ఎత్తేస్తాను. చిన్నవన్నీ ఆగిపోతాయి, నాకూ నిద్ర, నీకూ నిద్ర.

సమాధానం: సర్వర్ హ్యాజ్ నాట్ రెస్పాండెడ్ ఇన్ ది లాస్ట్ 42 సెకండ్స్, డిస్‌కనెక్టింగ్, అనే మాట ఒకటుంది. గ్లస్టర్ అవతలి యంత్రం కోసం అలవాటుగా ఎదురుచూసేది 42 సెకన్లు. ఆ తరవాత ఆశ వదులుకుంటుంది. ఇది సీ, అంటే క్రిటికల్ తరగతి, నీవు ఎత్తిన గోడ పైనుంచి కూడా వినిపిస్తుంది. కాని ఇందాక చెప్పిన స్ప్లిట్-బ్రెయిన్‌ది దాని కిందిదైన ఎర్రర్ తరగతి. అది గోడకు అవతలే ఉండిపోతుంది. రేపు క్లయింటు బిల్లు అడిగినప్పుడు ఫైలు తెరుచుకోదు, ఎప్పటినుంచి తెరుచుకోవడం లేదో చెప్పడానికి లాగ్‌లో ఒక్క పంక్తీ ఉండదు. నోళ్లు మూయించదలిస్తే ఒక్కొక్క సందేశం దగ్గరికి వెళ్లి, దాని కారణం తీసి, దాన్ని ఒక్కదాన్నే ఆపు. మా పద్ధతి ఇది: లాగ్ అంతా రాయనివ్వడం, ఫోన్ మాత్రం పట్టికలో లేనివాటికీ, హీల్ ఇన్ఫో అంకె తగ్గనప్పుడూ మోగేట్టు చేయడం.

శిష్యుడు: పట్టికలో తప్పు పడితే?

సమాధానం: అందుకే ప్రతి అంశం పక్కనా ఉపపత్తి రాసి పెట్టాం. గ్లస్టర్ కూర్పు మారినప్పుడల్లా పట్టికను మొదటినుంచి సరిచూడాలి. పాత కూర్పులో నిరపాయమైన వాక్యం కొత్త కూర్పులో వేరొకరి నోట రావచ్చు.

ఫలశ్రుతి

ఈ పంచకాన్ని వ్యాఖ్యాసహితంగా పఠించినవారికి రాత్రి నిద్రయు, ఓనర్ అనుగ్రహమును, డిస్కులో ఖాళీయు, ప్రతుల నడుమ సఖ్యమును కలుగును. ట్రాన్స్‌పోర్ట్ ఎండ్‌పాయింట్ అని చెవిన పడగానే వక్త యెవడని యడుగు బుద్ధి పుట్టును. 39 అంకెను చూచి చిరునవ్వు నవ్వు శక్తి లభించును.

ఇది శ్రీమద్రాయపుర వాస్తవ్యుడును, మూడు సర్వర్ల కావలివాడును, నిశాకాల దూరవాణీ పీడితుడును అగు వాని కృతియందు నిద్రాప్రదాయినీ వ్యాఖ్య సర్వము, ఏకాశ్వాసము.

ఒక మనవి. ఫలశ్రుతులన్నీ అర్థవాదమే. ఇదీ అంతే. నమ్మి పడుకోబోయే ముందు హీల్ ఇన్ఫో ఒకసారి కొట్టి చూసుకోవలెను.